కంటి లెక్క

మునేటి యొడ్డున, నందిగామకు రెండు క్రోసుల దూరమున నున్న ఒక పల్లెలో నేను పుట్టితిని. నా చిన్నతనమున వేసవి రాత్రులందు మా నాయనమ్మ వాకిట నులకమంచము వాల్చి, నన్ను ప్రక్కన పరుండబెట్టుకొని, ఉత్తరపు దిక్కున సప్తర్షి మండలమును చూపెడిది. "ముందు వసిష్ఠుణ్ణి పట్టుకోరా నాయనా, ఆయన పక్కనే అరుంధతి కనపడుతుంది" అనెడిది. పెద్దచుక్కను ముందు చూపి, దాని యాధారమున చిన్నచుక్కను పట్టించుటనే మన శాస్త్రకారులు అరుంధతీదర్శన న్యాయ మనిరి. పెండ్లినాడు పురోహితుడు నవదంపతులకు చూపునదియు ఆ చుక్కనే.

సుమారు పది సంవత్సరముల క్రిందట ఒకనాటి రాత్రి మా డాబా మీదనుండి చూడగా వసిష్ఠుడు కనబడెను గాని అరుంధతి కనబడలేదు. అరుంధతి కానరానివానికి ఆయువు చెల్లినదని పెద్దలు చెప్పుకొను మాట మీరును వినియే యుందురు. నేను చదువుకొన్నవాడనే, బడిలో లెక్కలు చెప్పినవాడనే. అయినను ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. మరునాడు కంటి వైద్యుని యొద్దకు పోతిని. శుక్లములు ముదిరినవని చెప్పి ఆయన కొలదికాలములో రెండు కన్నులకును శస్త్రము చేసెను. పత్రికలోని అక్షరములు స్పష్టముగా కనబడజొచ్చెను. అరుంధతి మాత్రము కనబడలేదు.

కన్ను బాగుపడినను చుక్క ఏల కానరాదు? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు, మనుష్యుడు వెలుగును ఎట్లు కొలుచుకొనెనో తెలుపు చరిత్రను చదివితిని. అందులో ఒక ఘట్టము మన కృష్ణాజిల్లాలోనే నడచినదని తెలిసి ఆశ్చర్యపడితిని. ఆ కథయే నేడు మీకు విన్నవించుచున్నాను.

ముందుగా మన యింటి దీపముతో నారంభింతము. చీకటిగదిలో ఒక ఆముదపు దీపము వెలిగించినచో గది యంతయు మారిపోవును. నూరు దీపములు వెలుగుచున్న పెండ్లిపందిరిలో నూటయొకటవ దీపము వెలిగించినచో ఎవ్వరును గుర్తింపరు. రెండుచోట్లను చేరిన నూనె యొక్కటే, వత్తి యొక్కటే, వెలుగును ఒక్కటే. కన్ను మాత్రము ఒకచోట దానిని గొప్పగా నెంచినది; మరియొకచోట లెక్కలోనికే తీసికొనలేదు. కుంచెడు గింజలున్న పేదవానికి ఇంకొక కుంచెడు దొరకుట పండుగ. నూరు పుట్ల ధాన్యమున్న మోతుబరికి అదే కుంచెడు కంటి కానదు. కన్నును ఆ మోతుబరి వంటిదే. ఎంత చేరినదని అది చూడదు. ఉన్నదానిలో ఎన్నవవంతు చేరినదని చూచును.

ఈ సంగతిని పరీక్షించి సంఖ్యతో చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు పండితుడగు పియర్ బూగే. ఆయన ఒక తెల్లని తెరముందు రెండు కొవ్వొత్తులు నిలిపెను. ఒకటి దగ్గరగా కదలకుండ నుండెను. రెండవదానిని వెనుకకు జరుపుచు, దానివలన తెరపై పడు నీడ ఎప్పుడు మాయమగునో కనిపెట్టెను. దూరము 8 రెట్లు కాగానే నీడ కానరాలేదు. దూరము 8 రెట్లయినచో వెలుగు 64వ వంతునకు తగ్గును. కాబట్టి 64లో ఒక పాలు కన్న తక్కువ భేదమును తన కన్ను పట్టజాలదని ఆయన నిర్ణయించెను. బూగే 1758లో మరణించెను. ఈ పరీక్ష గల గ్రంథము 1760లో అచ్చుపడెను. రెండు కొవ్వొత్తులును ఒక తెల్లపంచెయు నున్నచో మీ యింటనే దీనిని చేసి చూడవచ్చును.

తరువాత జర్మనీలోని లైప్జిగు నగరమున వెబరు అను నాతడు చేతితో బరువులను తూచి చూచి, అక్కడను ఇదే న్యాయము నడచుచున్నదని 1834లో ప్రకటించెను. అదే నగరమున గుస్తావ్ ఫెక్నరను ఆచార్యు డుండెను. ఆయన రంగుటద్దములలోనుండి సూర్యుని చూచి పరీక్షలు చేయుచు కన్నులు పాడుచేసికొని, 1840 ప్రాంతమున ఉద్యోగమును విడిచి, మూడేండ్ల పర్యంతము చీకటిగదిలో గడపెను. పిదప కోలుకొని 1860లో గొప్ప గ్రంథమును వెలువరించెను. వెలుగు రెట్టింపుచొప్పున హెచ్చుచుండగా కంటికి తోచు ప్రకాశము ఒక్కొక్క మెట్టుచొప్పున మాత్రమే హెచ్చునని ఆయన సిద్ధాంతము. మిక్కిలి మందమైన వెలుగునందును, మిక్కిలి తీవ్రమైన వెలుగునందును ఈ సూత్రము సరిగా నిలువదని తరువాతివారు చూపిరి గాని, మన నిత్యవ్యవహారమునకు ఇది చాలవరకు సరిపోవును.

ఇక ఆకాశమునకు వత్తము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ అను జ్యోతిష్కుడు నక్షత్రములను ఆరు తరగతులుగా వ్రాసెను. మిక్కిలి వెలుగుచుక్కలు మొదటి తరగతి. కంటికి లీలగా తోచునవి ఆరవ తరగతి. ఈ తరగతులను నిర్ణయించినది ఏ యంత్రమును కాదు, కన్నే. ఇంచుమించు పదునేడు వందల యేండ్లు ఈ పద్ధతి ఇట్లే సాగినది. ఒక తరగతికిని మరియొకదానికిని వెలుగులో ఎన్ని రెట్లు భేదమో నిర్ణయమైన కొలత లేదు.

ఆ కొలతను ఏర్పరచినవాడు నార్మన్ రాబర్ట్ పోగ్సన్. ఈయన 1829లో ఇంగ్లండునందలి నాటింగుహాములో పుట్టెను. మొదటి తరగతి చుక్క ఆరవ తరగతి చుక్కకన్న నూరు రెట్లు వెలుగునని తీసికొని, ఒక్కొక్క మెట్టునకు 2.512 రెట్లు భేదముండవలెనని 1856లో ఈయన ప్రతిపాదించెను. 2.512ను అయిదుమారులు హెచ్చవేసి చూడుడు, నూరు వచ్చును. నేటికిని ప్రపంచమందలి జ్యోతిష్కులందరును వాడు కొలబద్ద ఇదియే. దీని ప్రకారము వసిష్ఠుడు రెండవ తరగతివాడు. అరుంధతి నాలుగవ తరగతిది. వసిష్ఠుని వెలుగు అరుంధతి వెలుగునకు సుమారు అయిదు రెట్లు. సూర్యుడు పున్నమి చంద్రునికన్న సుమారు నాలుగు లక్షల రెట్లు వెలుగును. కన్ను దానిని పదునాలుగు మెట్లుగా కుదించుకొనును. అందుచేతనే మిట్టమధ్యాహ్నమున దున్నిన రైతు, వెన్నెలలో అదే గట్టుమీద తడబడక ఇంటికి రాగలుగుచున్నాడు.

ఈ పోగ్సన్ 1861లో చెన్నపట్టణపు నక్షత్రశాలకు అధికారియై వచ్చి, 1891లో అక్కడనే మరణించెను. ఆయన సహాయకుడగు చింతామణి రఘునాథాచారి, వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు ఒక నక్షత్రమును 1867లో కనిపెట్టెను. అట్టి చుక్కను పట్టుటకు ప్రక్కచుక్కలతో పోల్చి, నేడు నిన్నటికన్న ఎంత మందగించినదో చెప్పగల కన్ను కావలెను. వెలుగెంతయని అడిగినచో కన్ను చెప్పలేదు. ఈ రెంటిలో ఏది హెచ్చని అడిగినచో చక్కగా చెప్పగలదు.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చెను. దాని నీడ గుంటూరు, బందరుల మీదుగా సముద్రములోనికి పోయెను. పోగ్సన్ బందరులో నిలిచెను. రఘునాథాచారి వనపర్తికి పోయెను. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ గుంటూరులో నుండి, సూర్యుని అంచునుండి లేచు మంటల వెలుగును పట్టకముతో విడదీసి చూచి, మరునాడు గ్రహణము లేకయే వానిని చూడగల ఉపాయమును కనుగొనెను. 1859లో ఏర్పడిన కృష్ణాజిల్లాలో ఆనాడు గుంటూరును చేరియుండెను. 1904లో గాని అది వేరుజిల్లా కాలేదు. కావున ఆ విద్వాంసులలో ఇరువురు మన జిల్లా నేలమీదనే నిలిచిరన్నమాట. మన నందిగామ, జగ్గయ్యపేటలు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, ఆనాడు అవియు కృష్ణాజిల్లాలోనివే. ఆ నీడ వెడల్పులో పడినవే. మన ముత్తాతలు ఆ యుదయము పొలములలో నుండగా అయిదు నిమిషములకు దగ్గరగా పగటిపూట చుక్కలు మెరసియుండును.

గ్రహణకాలమున కంటిలెక్క ఎంత చిత్రముగా నుండునో నేను స్వయముగా చూచితిని. 1980 ఫిబ్రవరి 16వ తేదీన తెలుగుదేశమున సంపూర్ణ గ్రహణము పట్టినప్పుడు నందిగామ ఆ నీడకు దక్షిణముగా తప్పిపోయెను. సూర్యునిలో సన్నని నెలవంక మిగిలెను. వీధులు నిర్మానుష్యములై యుండెను. నేను సూర్యుని వంక చూడక, మా వేపచెట్టు క్రింద ఆకుల సందులనుండి పడిన నెలవంకలను చూచుచు కూర్చుంటిని. నూటికి తొంబది పాళ్లకు మించి సూర్యబింబము మరుగుపడినను, నా చేతిలోని పత్రికను సులువుగా చదువగల్గితిని. పోగ్సన్ లెక్కనుబట్టి నూటికి తొంబది పాళ్లు పోయినను తగ్గునవి రెండున్నర మెట్లే. తొంబదితొమ్మిది పాళ్లు పోయినను అయిదే. తక్కిన ఆ నూరవపాలు కూడ పోయినప్పుడు మాత్రము కొలది క్షణములలో వెలుగు మరి వందల రెట్లు పడిపోవును. అందుచేతనే సంపూర్ణ గ్రహణమున చీకటి మీదపడినట్లు తోచును.

మన మెట్టరైతు లెరిగిన మరియొక వింత కలదు. మిరపకళ్ళములో పగలు నిప్పువలె మెరయు పండుమిరప, మునిమాపువేళ నల్లబడును. ప్రక్కనున్న పచ్చనాకు ఇంకను తెల్లగా తోచును. బొహీమియా దేశస్థుడగు పుర్కిన్యే 1825లో ఈ మార్పును వర్ణించెను. కంటిలోపలి తెరయందు రెండు విధములైన గ్రాహకములు కలవు. పగటివి రంగులను చూచును. రాత్రివి రంగుల నెరుగవు, ఎరుపును ఇంచుమించు కానలేవు. కాని మిక్కిలి కొలది వెలుగునుగూడ పట్టగలవు. ఈ రాత్రిగ్రాహకములు పూర్తిగా మేల్కొనుటకు అరగంట పట్టును; ఒక్కమారు తెల్లని దీపము చూచినచో చెదరిపోవును. అవి చూపుయొక్క నట్టనడుమ లేవు. కావుననే మసకచుక్కను సూటిగా చూచినచో మాయమగును, కొంచెము ప్రక్కకు చూచినచో మరల కనబడును.

ఇప్పుడు నా యరుంధతి లెక్కకు వచ్చెదను. వయస్సు మీరినకొలది కంటిపాప చాలినంత విప్పారదు. లోపలి కటకము పచ్చబారును. అరువదియేండ్లవాని కంటితెరకు చేరు వెలుగు, ఇరువదియేండ్లవానికి చేరుదానిలో సుమారు మూడవవంతే. మూడవవంతనగా పోగ్సన్ కొలబద్దలో ఒక మెట్టును మరికొంచెమును. చిన్నతనమున ఆరవ తరగతి చుక్కలు చూచినవాడను, ముదిమిలో అయిదవ తరగతి సమీపమువరకైన చూడగలుగవలెను. అందులో నాకు శుక్లములును తొలగినవి. అరుంధతి నాలుగవ తరగతిదే గదా! నా వయస్సు తీసికొన్నది ఒక్క మెట్టు. మరి తక్కినవి ఎవరు తీసికొనిరి?

హైదరాబాదు-విజయవాడ రహదారి వెంబడి వరుసగా నిలిచిన దీపములు, జగ్గయ్యపేట ప్రక్కను సిమెంటు కర్మాగారముల వెలుగులు, మన వీధులలోని తెల్లని ఎల్.ఇ.డి. బల్బులు: ఇవి తీసికొన్నవి. చుక్క వెలుగు తగ్గలేదు. దాని వెనుకనున్న ఆకాశము వెలిగినది. పెండ్లిపందిరిలోని నూటయొకటవ దీపమువలె అరుంధతి లెక్కలోనికి రాకపోయినది.

ఈ లెక్క కాగితముమీద తేలినను నా మనస్సు కుదుటపడలేదు. గత వేసవిలో ఒకనాటి సాయంకాలము గాలివాన కొట్టి కరెంటు పోయెను. వాన వెలిసి ఆకాశము తేటపడెను. మా మనుమని చేతిలోని ఫోనుదీపమును ఆర్పించి, డాబా మీద అరగంట కూర్చుంటిమి. వసిష్ఠుని పట్టుకొని, చూపును రవంత ప్రక్కకు తిప్పితిని. అరుంధతి యున్నది. నాకన్న ముందే మా మనుమడు చూచెను. వాడు పుట్టి బుద్ధెరిగిన తరువాత దానిని చూచుట అదియే మొదటిమారు. నాకు ఆయువు చెల్లలేదని సంతోషించితిని గాని, వానికి పండ్రెండేండ్లు వచ్చువరకు ఆ చుక్కను చూపలేకపోతినని సిగ్గుపడితిని.

పెద్దలారా! దీపములు వలదని నేను చెప్పను. చీకటిలో తేలును త్రొక్కినవాడను నేను. అయితే కంటిలెక్క తెలిసిన పిమ్మట రెండుమాటలు చెప్పక తప్పదు. ఒకటి: వెలుగున్నచోట మరియొక దీపము చేర్చినచో ఖర్చు హెచ్చును గాని చూపు హెచ్చదు, ఉన్న దీపమునకే మూత పెట్టి వెలుగును నేలమీదికి దించినచో అదే కరెంటుతో దారియు కనబడును, ఆకాశమును మిగులును. పంచాయతీ కూటములలో ఈ మాట అడుగుడు. రెండు: వెలుగుగదినుండి చీకటిలోనికి పోవునప్పుడు గడపదగ్గర కొంతసేపు నిలువుడు. మన వయస్సువారి కన్ను ఆలస్యముగా తేరుకొనును. ఆ తొందరలోనే చాలమంది పడుచున్నారు.

ఒకనాటి రాత్రి వీధిదీపములకు చాటుగా మనుమలను కూర్చుండబెట్టుకొని సప్తర్షులను చూపుడు. ముందు వసిష్ఠుని పట్టించుడు. సెలవు.