మాయాబజారు – తొలి చిత్రము, మలి చిత్రము

తాడిపత్రి చింతల వేంకటరమణస్వామి ఆలయములో రామాయణ ఘట్టాలు శిలలపై నిలిచి ఉన్నవి. విజయనగర కాలపు శిల్పి వాటిని చెక్కేనాటికి ఆ కథ తెలియనివారు ఆ సీమలో ఉండి ఉండరు. తెలిసిన కథను మరల చెప్పుట మనకు కొత్త కాదు. చెప్పేవాడు దేనిని నిలిపినాడు, దేనిని మార్చినాడు అన్నదానిలోనే అతని ప్రతిభ తెలుస్తుంది. ఈ మాట చలనచిత్రాలకు కూడా వర్తిస్తుంది.

అందుకు మంచి నిదర్శనము ఆ తాడిపత్రి ప్రాంతములోనే 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారి చిత్రము. కె. వి. రెడ్డిగా ప్రసిద్ధికెక్కిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివినారు. ఏ దృశ్యము ఎంతసేపు నడవాలో ముందుగానే లెక్కకట్టుకొని చిత్రము తీయుట ఆయన పద్ధతి. 1957 మార్చి 27న విజయా సంస్థ విడుదల చేసిన ఆయన ‘మాయాబజార్’ను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. అయితే తెలుగు తెరకు అది తొలి మాయాబజారు కాదు.

శశిరేఖాభిమన్యుల ప్రణయగాథ వ్యాసభారతములో లేదు. అది జనుల నోట పెరిగి, నాటకరంగానికెక్కిన కథ. సురభివారు రంగస్థలముపై దీనిని మాయలతో, మంత్రాలతో ప్రదర్శించి పేరు గడించినారు. 1936లో పి. వి. దాసుగారి దర్శకత్వాన ‘శశిరేఖా పరిణయము’ వెలువడినది. మాయాబజారు అన్నది దానికే మరొక పేరు. శాంతకుమారిగారు శశిరేఖగా తొలిసారి తెరపై కనిపించినది అందులోనే. తెలుగు టాకీ పుట్టి అప్పటికి నాలుగైదేండ్లే. నటించేవారే పాడుకోవలసిన కాలమది. 1957 నాటికి సావిత్రిగారి అభినయానికి పి. లీలగారి గాత్రము తోడైనది.

రెండు చిత్రాల నడుమ సాధనసంపత్తి పెరిగినమాట నిజమే. మార్కస్ బార్ట్లీ కెమెరా స్టూడియోలోనే వెన్నెల కాయించినది. లడ్డూలు తమంత తామే ఘటోత్కచుని నోటిలోనికి ఎగిరినవి. కాని కె. వి. రెడ్డిగారి గొప్పతనమంతా ఈ తంత్రములో ఉన్నదనుకొంటే పొరపాటు. పాండవుల కుటుంబ కథలో పాండవులను ఒక్కమారైనా చూపకుండా నడిపించుట ఆయనకు, రచయిత పింగళి నాగేంద్రరావుగారికి కథపై ఉన్న పట్టుకు గుర్తు.

ప్రియదర్శిని పేటికను చూడండి. దూరాన ఉన్నవారిని చూపే ఆ పెట్టె తెరపైకి వచ్చిన రెండేండ్లకు, 1959లో, ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు మొదలైనవి. కాని ఆ పేటిక ఎవరి మనస్సులో ఏమున్నదో దానినే చూపుతుంది: శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణునికి శకుని! ఎక్కినవానిచేత నిజము పలికించే సత్యపీఠము కూడా అట్టిదే. ఇక్కడ వింత వస్తువు మనుష్యుని తూచే త్రాసు. మాయా శశిరేఖ ఘట్టములోనైతే కెమెరా తంత్రముతో పెద్దగా పనిలేదు. సుకుమారి రూపములో ఘటోత్కచుని రాజసాన్ని సావిత్రిగారు నడకలోనే చూపినారు.

పాశ్చాత్యుల వైజ్ఞానిక చిత్రాలకు కూడా ఇదే కొలబద్ద. హెచ్. జి. వెల్స్ 1898లో పుస్తకముగా వెలువరించిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ను 1938లో ఆర్సన్ వెల్స్ రేడియో నాటకముగా ప్రసారము చేసినాడు. 1953లో అది చలనచిత్రమైనది. 2005లో స్పీల్‌బర్గ్ మరల తీసినాడు. 1953లో నాయకుడు శాస్త్రజ్ఞుడు. 2005లో అతడు రేవులో క్రేను నడిపే కార్మికుడు, బిడ్డలను దక్కించుకొనుటకు పరుగెత్తే తండ్రి. రెండింటా శత్రువును కూల్చినది కంటికి కనబడని సూక్ష్మజీవులే. యంత్రాల హంగుకంటె ఈ నాయకుని మార్పే మలి చిత్రాన్ని వేరుగా నిలిపినది.

రేడియోలో పనిచేసే మాకు చిత్రాల విలువ కట్టుటకు ఒక చిన్న ఉపాయము ఉన్నది. కన్నులు మూసికొని శబ్దభాగాన్ని మాత్రమే వినుట. అప్పుడు ఎగిరే లడ్డూలు ఉండవు, వెన్నెల ఉండదు. అయినా ‘మాయాబజార్’లో ఎస్. వి. రంగారావుగారి కంఠము ఉంటుంది. ఘంటసాలగారి సంగీతము ఉంటుంది. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ వంటి పింగళివారి సృష్టి ఉంటుంది. దృశ్యము తీసివేసినా మిగిలేదే కథ చెప్పినవాని సొత్తు.

2010 జనవరిలో ఈ చిత్రానికి రంగులద్ది మరల విడుదల చేసినారు. క్రొత్త తరము ఎంతో ఇష్టముగా చూచినది. అయినా దానిని మూడవ మాయాబజారని ఎవరూ అనలేదు. రంగు మారినది, చెప్పిన తీరు మారలేదు. తిరిగి తీయుట అంటే తిరిగి ఆలోచించుట. అట్లు ఆలోచించుటకు ముందొకరు బాట వేసి ఉండవలెను. కె. వి. రెడ్డిగారికి చేతులు జోడించే మనము, అంతకు ఇరువదియొక్క ఏండ్ల ముందు, చాలీచాలని సాధనాలతో ఆ బజారును తొలిసారి తెరపై తెరచినవారిని కూడా తలచుకొనుట న్యాయము.