ముందు కట్టర్, తర్వాతే తెర

ఉంగరమో, లాకెట్టో, జుంకాల జతో కంప్యూటర్‌లో గీసి మిల్లింగ్ మెషీన్ మీద మైనంలో చెక్కించాలనుకునేవారు మొట్టమొదట అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి’ అని. వచ్చే జవాబులు చాలావరకు తెర చుట్టూనే తిరుగుతాయి. ఎందులో రవ్వలు గబగబా పొదగొచ్చు, ఎందులో బొమ్మ అచ్చం బంగారంలా మెరుస్తుంది, ఏది తొందరగా పట్టుబడుతుంది అని. ఈ సాఫ్ట్‌వేర్‌ల పుట్టుక చూస్తే మాత్రం ఈ ప్రశ్నలు అడిగే వరుసే తలకిందులని తెలుస్తుంది. నగల డిజైన్‌లో ఇవాళ వాడుతున్న గణితంలో చాలా భాగం తెర మీద అందంగా కనిపించడం కోసం పుట్టలేదు, లోహాన్ని కోసే పళ్ళను నడిపించడం కోసం పుట్టింది. కాబట్టి ఎంపిక కూడా కట్టర్ మొన దగ్గర మొదలై వెనక్కి, డిజైన్ ప్రోగ్రామ్ వైపు రావాలి. ఇది నా వాదన.

కథ టంకశాలల్లో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో నాణేల బొమ్మల్ని చిన్నవి చేసే యంత్రాలు వచ్చాయి. వాటిలో అందరికంటే పేరు తెచ్చుకున్నది పారిస్‌కు చెందిన విక్టర్ జాన్వియే యంత్రం. శిల్పి పళ్ళెమంత వెడల్పున బొమ్మ చేస్తాడు. దాని గట్టి నకలు మీద ఒక మొన మధ్య నుంచి చుట్లు తిరుగుతూ పాకుతుంది. అదే కడ్డీకి తగిలించిన తిరిగే కట్టర్ ఉక్కులో అదే బొమ్మను నాణెమంత సైజులో చెక్కుతుంది. కంప్యూటర్ లేదన్న మాటే గానీ, ఇవాళ్టి చిన్న మిల్లింగ్ మెషీన్ చేసే పని సరిగ్గా ఇదే. దాని చిక్కులు కూడా అప్పుడే బయటపడ్డాయి. 1907లో అమెరికా 20 డాలర్ల బంగారు నాణేనికి అగస్టస్ సెయింట్-గాడెన్స్ చేసిన నమూనా శిల్పంగా అద్భుతం. కానీ బొమ్మ ఎత్తు మరీ ఎక్కువ కావడంతో మామూలు ప్రెస్సులో ఒక్క దెబ్బకు పడలేదు. చలామణీ కోసం ఎత్తు తగ్గించక తప్పలేదు. పెద్ద సైజులో చూస్తూ పని చేసే కళ్ళు చిన్న సైజులో యంత్రం ఏం చేయగలదో మరిచిపోతాయి. తెర మీద చెవికమ్మను అరచేయంత చేసి చూసుకునే డిజైనర్‌కూ ఇదే ప్రమాదం ఉంది.

రెండో ఘట్టం విమానాల కార్ఖానాలది. హెలికాప్టర్ రెక్కల వంపులు కచ్చితంగా కోయడానికి మిషిగన్‌లో జాన్ పార్సన్స్ అంకెలతో మెషీన్‌ను నడపాలనుకున్నాడు. ఆ ఆలోచన ఎంఐటీకి చేరి, 1952లో అంకెలతో నడిచే మిల్లింగ్ మెషీన్ అక్కడ ప్రదర్శనకు వచ్చింది. దానికోసం ఏపీటీ అనే భాష తయారైంది. కట్టర్ ఏ దారిన పోవాలో మాటల్లో రాసిస్తే కంప్యూటర్ లెక్క కట్టేది. 1959లో ఆ భాషను విలేఖరులకు చూపించినప్పుడు దానితో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు కానుకగా పంచారు. తెర మీద గీత గీసే ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ వచ్చింది 1963లో. అంటే, వస్తువు కోయడం ముందు, బొమ్మ గీయడం తర్వాత. ఫ్రాన్స్‌లోనూ అంతే. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జౌ 1959లో, ఆ తర్వాత రెనోలో పియెర్ బెజియే కారు ఒంపుల్ని అంకెల్లో పట్టే గణితం కట్టింది, పనివాడి కంటి అంచనా మీద ఆధారపడకుండా మెషీన్‌తో నేరుగా కోయించడానికే. సిట్రోయెన్ తన పనిని ఏళ్ళ తరబడి రహస్యంగా ఉంచడంతో పేరు బెజియేకి దక్కింది. ఇది కాస్టెల్జౌకు జరిగిన అన్యాయమే.

ఈ వంశంలో తర్వాతి అడుగు నర్బ్స్ అనే వంపుల గణితం. దాని మూలం 1975లో కెన్ వెర్‌స్ప్రిల్ సమర్పించిన పరిశోధనా వ్యాసం. సియాటిల్‌లో ఆటోక్యాడ్‌కు తోడుగా మొదలై 1998లో సొంత ప్రోగ్రామ్‌గా బయటికొచ్చిన రైనో ఈ గణితాన్ని మామూలు ధరకు అందుబాటులోకి తెచ్చింది. నగల కోసమే కట్టిన మ్యాట్రిక్స్, రైనోగోల్డ్ దాని భుజాల మీదే నిలిచాయి, ఇప్పుడవి మ్యాట్రిక్స్‌గోల్డ్‌గా ఒకటయ్యాయి. దీని బలం తెలియాలంటే 18 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉంగరాన్ని తీసుకోండి. నర్బ్స్‌లో అది నిజంగా వలయమే. అదే వలయాన్ని 72 చిన్న గీతలుగా విడగొడితే ఒక్కో గీత 0.79 మిల్లీమీటర్లు వస్తుంది, అసలు వంపుకూ దానికీ తేడా 0.0086 మిల్లీమీటర్లే. ఈ తేడా లెక్కలోకి రాదనిపిస్తుంది గానీ, పాలిష్ పెట్టిన బంగారం అద్దంతో సమానం. ప్రతి చదును ముక్కా వెలుతురును విడిగా తిప్పికొట్టి, ఉంగరం గుండ్రంగా కాక పలకలుగా కనిపిస్తుంది. తేడా 0.001కి దిగాలంటే 210 ముక్కలకు పైగా కావాలి.

మరో వంశం ఉబ్బెత్తు బొమ్మలు చేసే రిలీఫ్ ప్రోగ్రామ్‌లది, జాన్వియే యంత్రానికి సిసలైన వారసులివే. బర్మింగ్‌హామ్‌లోని డెల్‌క్యామ్ తెచ్చిన ఆర్ట్‌క్యామ్ వీటిలో పేరుపొందింది. ఇందులో ప్రతి చోటుకూ ఒకే ఒక్క ఎత్తు ఉంటుంది. బొమ్మ కిందికి కోత మళ్ళే వీలే లేదు. చాలామంది దీన్ని లోపమంటారు. నా దృష్టిలో ఇది దాని అతిపెద్ద గుణం. మూడు అక్షాల మెషీన్ కూడా పైనుంచే కోయగలదు కాబట్టి, మెషీన్ చేయలేనిదాన్ని ఈ ప్రోగ్రామ్ గీయనివ్వదు. మన కాసులపేరులో కాసు మీది లక్ష్మి, నక్షి పని హంసలు, నెమళ్ళు స్వభావరీత్యా రిలీఫ్‌లే. రేకులో లక్క నింపి ఉలితో ఎత్తులు తేల్చే పనివాడి ఆలోచనకు దగ్గరగా ఉండేది ఈ రకమే. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. 2014లో డెల్‌క్యామ్‌ను కొన్న ఆటోడెస్క్ 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆపేసింది. ఆ కోడ్‌ను లైసెన్సు మీద తీసుకుని కార్వెకో కొనసాగిస్తోంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వేల డిజైన్లు తెరుచుకోని పెట్టెల్లో ఉండిపోయేవి. పదేళ్ళ తర్వాత కూడా ఫైలు తెరుచుకుంటుందా అన్నది ధరతో సమానంగా చూడాల్సిన విషయం.

ఇంకొకటి సినిమా నుంచి వచ్చిన వంశం. ఎడ్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో చూపిన, ముక్కల్ని మళ్ళీ మళ్ళీ విడగొడుతూ ఉపరితలాన్ని నునుపు చేసే పద్ధతి, జడ్‌బ్రష్‌లో మట్టి ముద్దను మలిచినట్టు చేసే పని, 2002లో దాతలిచ్చిన లక్ష యూరోలతో అందరికీ ఉచితమైన బ్లెండర్ ఈ కోవలోవి. ఇక్కడ గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ఇవాళ కంప్యూటర్లు కోట్ల ముక్కల్ని మోస్తాయి కదా, పలకల భయం ఎందుకని. నిజమే, ముక్కల సంఖ్య ఇప్పుడు అడ్డంకి కాదు. సింహం జూలు, ఆకుల ఈనెలు, దేవత ముఖం ఇక్కడ పలికినట్టు నర్బ్స్‌లో పలకవు. అసలు తేడా కొలతలో వస్తుంది. రాయి కూర్చునే గుంట వ్యాసం 2.5 నుంచి 2.4కి మార్చాలంటే మ్యాట్రిక్స్‌గోల్డ్ లాంటి నర్బ్స్ ప్రోగ్రామ్‌లో అంకె మారిస్తే చాలు, చెక్కిన మట్టిలాంటి బొమ్మలో ఆ చోటంతా మళ్ళీ చేసుకోవాలి. పైగా ఈ ప్రోగ్రామ్‌లు ఎక్కువగా బయటికిచ్చే ఎస్‌టీఎల్ ఫైలులో కొలమానమే ఉండదు. 18 అన్న అంకె మిల్లీమీటర్లో అంగుళాలో అందుకునే ప్రోగ్రామ్ ఊహించుకోవాల్సిందే. 1980లలో త్రీడీ ప్రింటర్ కోసం పుట్టిన ఫైలు అది.

ప్రింటర్లు వచ్చాక ఇక మిల్లింగ్ దేనికన్నది మరో అభ్యంతరం. అల్లికలు, బోలు బంతులు, కింది కోతలు ఉన్న నగలకు ప్రింటరే మేలు, ఇందులో వాదించేదేం లేదు. కానీ ప్రింటు మీద పొరల మెట్లు పడతాయి, ఆసరా పుల్లలు విరిచిన చోట మచ్చలు మిగులుతాయి. బాగా కోసిన గట్టి పచ్చ మైనం దాదాపు పాలిష్‌కు సిద్ధంగా ఉంటుంది. రేకు ఒత్తడానికి ఇత్తడిలోనో ఉక్కులోనో అచ్చు కావాలన్నా మిల్లింగే దిక్కు. ఆ పనిలో అసలు హద్దు ఎక్కడుందో చూడండి. మొన వ్యాసం 0.2 మిల్లీమీటర్లున్న గుండ్రటి కట్టర్ 0.1 కంటే తక్కువ వ్యాసార్ధమున్న లోపలి మూలను ఎప్పటికీ కోయలేదు. తెర మీద నెమలి ఈకల మధ్య ఎంత సన్నటి గాడి గీసినా మైనంలో అది పూడుకుపోయే వస్తుంది. అదే కట్టర్ వరుసకూ వరుసకూ మధ్య 0.05 ఎడం ఉంచితే మిగిలే గట్టు ఎత్తు సుమారు 0.003. ఎడం 0.02కి తగ్గిస్తే గట్టు ఆరోవంతుకు పడిపోతుంది, కోత సమయం మాత్రం రెండున్నర రెట్లవుతుంది. ఈ లెక్కలు డిజైన్ ప్రోగ్రామ్ చూడదు, కట్టర్ దారి వేసే ప్రోగ్రామ్ చూస్తుంది.

అందుకే ముందు మెషీన్‌కు ఎన్ని అక్షాలున్నాయో చూడాలి, తర్వాత దారి వేసే ప్రోగ్రామ్‌ను ఎంచుకోవాలి, డిజైన్‌ది ఆఖరి వంతు. ఉంగరాన్ని తిప్పుతూ కోసే నాలుగో అక్షం ఉంటే, డెస్క్‌ప్రోటో లాంటి దారి వేసే ప్రోగ్రామ్ దాన్ని అర్థం చేసుకుంటుందో లేదో తేల్చుకున్నాకే మిగతావి. డబ్బు తక్కువైతే ఉన్నదాన్ని దారి వేసే ప్రోగ్రామ్ మీద పెట్టి, డిజైన్‌కు ఉచిత బ్లెండర్‌తో సరిపెట్టుకోవడం తెలివైన పని. ఖరీదైన డిజైన్ ప్రోగ్రామ్ కొని, చౌక దారి ప్రోగ్రామ్‌తో మైనం పాడుచేసుకోవడం కంటే ఇదే నయం. చేయి తిరిగినవాడు దేంతోనైనా చేస్తాడనే మాట నిజమే గానీ, తిరగని చోట రోజూ పెనుగులాడే శ్రమకు ఎవరూ లెక్క కట్టరు. ట్రయల్ వెర్షన్లు దొరికే ఏవైనా రెండు ప్రోగ్రామ్‌లలో 12 మిల్లీమీటర్ల నెమలి ఒకటి గీసి, ఒకే కట్టర్‌తో పచ్చ మైనంలో కోయించి, వెండిలో పోత పోయించి, పాలిష్ పెట్టించి భూతద్దం కింద పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రెండు వెండి ముక్కలూ చూశాకే డబ్బు కట్టాలి.