రంగు కింద ఎర్త్

మంచిర్యాల నుంచి శ్రీరాంపూర్ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. డిసెంబరు పొద్దు. చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. బయట బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే షెడ్డు రేకులు గడగడలాడుతున్నాయి. లోపల మీ ఎదురుగా పాత టాటా మెర్సిడెస్ లారీ నిలబడి ఉంది. మూతి మీద మూడు కోణాల నక్షత్రం. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిశాక ఆ నక్షత్రం పోయి ‘టి’ వచ్చింది. కాబట్టి ఈ బండి ఈడు మూతి చూస్తేనే తెలిసిపోతుంది.

కేబిన్‌కు కొత్త ఎరుపు, ఛాసిస్‌కు అద్దంలా మెరిసే నలుపు. ఒకప్పుడు తండ్రి బొగ్గు తోలిన బండిని కొడుకు ముచ్చటపడి బాగు చేయించుకున్నాడు. అంతా బాగుంది, స్టార్టే కావట్లేదు.

“న్యూట్రల్ సూస్కొని గుంజు బిడ్డా,” అంటాడు ఎలక్ట్రీషియన్ కాకా, కేబిన్‌లోని కుర్రాడితో.

ఈ బండికి డ్యాష్‌బోర్డు మీద గుండీ ఉంటుంది. కొంచెం గుంజితే హీటరు, ఇంకా గుంజితే సెల్ఫ్. కుర్రాడు చివరిదాకా గుంజాడు. టక్. అంతే, ఇంజను కదల్లేదు.

“బ్యాటరీ డౌనయినట్టున్నది కాకా.”

కాకా జవాబివ్వడు. మీటరు కడ్డీలు బ్యాటరీ మీద ఆనించాడు. 12.6 వోల్టులు. మళ్లీ గుంజమన్నాడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా మీటరు పెద్దగా దిగలేదు. సెల్ఫ్ తిరగడానికి వందల ఆంపియర్లు కావాలి. అంత లాగితే బ్యాటరీ తప్పకుండా కుంగాలి. కుంగలేదంటే బలం బ్యాటరీలోనే ఉంది, దారే మూసుకుపోయింది.

ఇప్పుడు కాకా ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టాడు. “గుంజు.” మీటరు వైపు వంగి చూడండి. సున్నాకు దగ్గర్లో ఉండాలి. అరవోల్టు దాటితేనే అనుమానించాలి, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు ఉంది. సెల్ఫ్‌కు అందాల్సిన వోల్టులు ఎర్త్ దారిలోనే హరించుకుపోతున్నాయి.

సెల్ఫ్‌లోకి కరెంటు లావు కేబుల్ గుండా పోతుంది, తిరిగి రావాల్సింది ఇనుము గుండా. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనక దానికీ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీయే వంతెన. ఆ పట్టీ బోల్టు కింద కూడా నల్ల రంగు దట్టంగా పూసి బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు. ఇట్లా ముస్తాబైన పాత బండ్లకు పట్టే జబ్బుల్లో చాలావరకు పెయింటింగ్ షెడ్డులో అంటినవే అని నా అనుమానం. ఫొటోలో మెరిసే చోటే కరెంటుకు అడ్డం.

బోల్టు విప్పాడు. ఎమరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు.

గుండీ గుంజగానే ఈసారి ఇంజను బరువుగా తిరిగింది. వెనక నుంచి తెల్లపొగ. అయినా అంటుకోవట్లేదు.

పెట్రోలు బండి అయితే ఇప్పుడు కాయిల్, పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు వరసగా వెతకాలి. డీజిలుకు నిప్పురవ్వ అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడి చాలు. చలికాలం పొద్దున ఆ వేడికి హీటరు ప్లగ్గుల సాయం కావాలి. తెల్లపొగ వస్తోందంటే డీజిలు లోపలికి చేరుతోంది, కాలడం లేదు. కాకా డ్యాష్‌బోర్డు మీది చిన్న జాలీ వైపు చూపించాడు. హీటరు పనిచేస్తే దాని వెనక తీగచుట్ట ఎర్రబడాలి. నల్లగానే ఉంది.

ఈ పాత పద్ధతిలో ఆరు ప్లగ్గులూ పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఒకే తీగ మీద ఉంటాయి. ఒకటి తెగితే ఆరూ చల్లారినట్టే. కుర్రాడు హీటరు గుండీ పట్టుకున్నాడు. కాకా స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గు రెండు కొసలనూ కలుపుకుంటూ పోతున్నాడు. మొదటిది, రెండోది, మూడోది. ఏమీ లేదు. నాలుగో ప్లగ్గు దగ్గర చిన్న మెరుపు.

“కాకా, ఎర్రగైతాంది!”

“అయితే గదే సచ్చింది.”

ప్లగ్గు మార్చాక అర నిమిషం పైనే వేడెక్కనిచ్చి గుంజారు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. టప్పటప్పమని మొదలై గడగడా నిలదొక్కుకుంది. పైన రేకులు మోగుతున్నాయి, ఈసారి టిప్పర్ల వల్ల కాదు. కుర్రాడు సంతోషంతో తాళంచెవి లాగి చేతిలో ఆడించాడు. ఇంజను ఆగలేదు. డీజిలు ఆపే గుండీ వేరే ఉంది, తాళానికి ఇంజనుతో పని లేదు.

కాకా మాత్రం నవ్వలేదు. “తాళం మళ్ల పెట్టు,” అన్నాడు. పెట్టగానే చార్జింగ్ ఎర్ర లైటు వెలిగింది, రేసు పెంచినా ఆరలేదు. ఏళ్ల తరబడి తిరగని డైనమోలో మిగులు అయస్కాంతత్వం ఒక్కోసారి చచ్చిపోతుంది. దానికి బ్యాటరీ కరెంటు ఒక్క క్షణం తాకించి మళ్లీ ప్రాణం పోయాలి. కాకా ఇంజను ఆపమని చెయ్యి ఊపి, వైరు ముక్క కోసం డబ్బా వెతుకుతున్నాడు.