ఇబ్లీస్ పుట్టుక, పుట్టుక గర్వం

సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

విశ్వాస సోదరులారా! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మసీదులలో ఈ జుమా నాడు మనం తలపోయవలసిన విషయం మన బహిరంగ శత్రువును గురించినది. షైతాన్ ఎవరు? అతడు దైవదూతల జాతివాడా, జిన్నుల జాతివాడా? ఎందుకు పతనమయ్యాడు? ఈ ప్రశ్నలను పిల్లలూ అడుగుతారు, పెద్దలూ అడుగుతారు. పన్నెండు వందల ఏళ్ళకు పైగా పండితులు వీటిని చర్చిస్తూనే ఉన్నారు. ఆ చర్చ చరిత్రను తెలుసుకోవడం అవసరమే. అయితే ఆ చరిత్ర చివరకు మన వైపే వేలు చూపిస్తుందన్న సంగతిని కూడా మనం గుర్తించాలి.

ముందుగా పేర్లను చూద్దాం. దివ్య ఖుర్ఆన్‌లో 'ఇబ్లీస్' అన్న పేరు 11 చోట్ల వస్తుంది. అది ఒక వ్యక్తి పేరు. 'షైతాన్' అన్నది స్వభావాన్ని తెలిపే మాట. మంచికి, దైవకారుణ్యానికి దూరమైనవాడు అని అరబ్బీ నిఘంటుకారులు దానికి అర్థం చెప్పారు. మన పొరుగున ఉన్న క్రైస్తవ సోదరులు వాడే 'సాతాను' అన్న మాట కూడా ఇదే మూలానికి చెందినది. 'ఇబ్లీస్' అంటే నిరాశలో కూరుకుపోయినవాడని ప్రాచీనులు వివరించారు. గ్రీకు భాషలోని 'డయబొలోస్' నుంచి ఆ పేరు వచ్చి ఉంటుందని ఆధునిక భాషావేత్తలు కొందరు భావిస్తారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. జిన్నులలోనే కాదు, మనుషులలోనూ షైతానులు ఉంటారని అల్ అన్ఆమ్ సూరా 112వ వాక్యం తెలుపుతున్నది. కాబట్టి ఆ పేరు ఒక జాతికి మాత్రమే పరిమితమైనది కాదు. ఆ స్వభావం ఎవరిలో ఉంటే వారికి అది వర్తిస్తుంది.

ఇక ఆ సంఘటన. ఖుర్ఆన్‌లో ఏడు సూరాలలో దీని ప్రస్తావన ఉంది: అల్ బఖర, అల్ ఆరాఫ్, అల్ హిజ్ర్, బనీ ఇస్రాయీల్, అల్ కహఫ్, తాహా, సాద్. అల్లాహ్ ఆదమ్ (అలై)ను మట్టితో సృష్టించి, ఆయనకు సాష్టాంగపడమని దైవదూతలను ఆదేశించాడు. దూతలందరూ ఆదేశాన్ని శిరసావహించారు. ఇబ్లీస్ ఒక్కడు నిరాకరించాడు. కారణమేమిటని అల్లాహ్ అడిగినప్పుడు, తాను నిప్పుతో పుట్టినవాణ్ననీ, ఆదమ్ మట్టితో పుట్టినవాడనీ, అందుచేత తానే మేలైనవాణ్ననీ అతడు వాదించాడు. ఆ వాదమే అతన్ని బహిష్కృతుణ్ని చేసింది. తీర్పుదినం వరకు అతడు గడువు కోరాడు, గడువు లభించింది. మానవులను దారి తప్పిస్తానని ప్రతినబూని వెళ్ళాడు.

ఆదేశం దైవదూతలకు కదా, మరి ఇబ్లీస్ ఎందుకు దోషి అయ్యాడు? అతడూ దూతే అయి ఉండాలి కదా? ఈ సందేహం నుంచే పండితుల చర్చ మొదలైంది. ఇబ్లీస్ మొదట దైవదూతలలో ఒక వర్గానికి చెందినవాడన్న అభిప్రాయం ఇబ్నె అబ్బాస్ (రజి) పేరిట ఉల్లేఖితమైంది. హిజ్రీ 310లో, అంటే క్రీ.శ. 923లో బాగ్దాదులో మరణించిన మహా వ్యాఖ్యాత తబరీ ఆ వైపే మొగ్గారు. హిజ్రీ 110లో మరణించిన హసన్ బస్రీ దీనికి భిన్నంగా చెప్పారు. ఇబ్లీస్ రెప్పపాటు కాలమైనా దైవదూత కాడనీ, మానవులకు ఆదమ్ ఎలా మూలపురుషుడో జిన్నులకు ఇబ్లీస్ అలా మూలపురుషుడనీ ఆయన అభిప్రాయం.

రెండవ పక్షానికి బలమైన ఆధారాలు ఉన్నాయి. శుక్రవారం నాడు మనం పారాయణం చేసే అల్ కహఫ్ సూరా 50వ వాక్యం ఇబ్లీస్ జిన్నులలోని వాడని స్పష్టం చేస్తున్నది. అతనికి సంతతి ఉన్నదని కూడా అదే వాక్యం సూచిస్తున్నది. దైవదూతలు అల్లాహ్ ఆజ్ఞను జవదాటరని అత్తహ్రీమ్ సూరా చెబుతున్నది. దైవదూతలు కాంతితో, జిన్నులు అగ్నిజ్వాలతో సృష్టించబడ్డారని ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇబ్లీస్ తాను నిప్పుతో పుట్టానని తన నోటితోనే చెప్పుకున్నాడు. అతని పూర్వచరిత్రను గురించి వ్యాపించిన కథలలో చాలావరకు ఇస్రాయీలీ కథనాల నుంచి వచ్చినవని హిజ్రీ 774లో మరణించిన ఇబ్నె కసీర్ హెచ్చరించారు.

ఇక్కడ మన ధర్మం చెప్పే ఒక ముఖ్య విషయాన్ని మరువరాదు. షైతాన్ అల్లాహ్‌కు పోటీగా నిలిచిన మరొక శక్తి కాడు. చీకటికి ఒక దేవుడు, వెలుగుకు ఒక దేవుడు అన్న భావనకు ఇస్లాంలో తావు లేదు. అతడు సృష్టించబడినవాడు, గడువు అడిగి బతుకుతున్నవాడు. అతని పన్నాగం బలహీనమైనదని అన్నిసా సూరా 76వ వాక్యం తెలుపుతున్నది.

సోదరులారా! ఇబ్లీస్ ఏ జాతివాడన్న చర్చకు గ్రంథాలలో పుటలకు పుటలు నిండాయి. ఖుర్ఆన్ మాత్రం అతని పుట్టుకను గురించి కొద్దిగా చెప్పి, అతని నడవడిని గురించి పదే పదే చెప్పింది. దీనిలో గొప్ప హితవు ఉంది. పుట్టుకను ప్రమాణంగా చూపినవాడు ఇబ్లీసే. అతని మాటను తోసిపుచ్చినవాడు అల్లాహ్. సరికాని పోలికతో దైవాజ్ఞను కాదన్న మొదటివాడు ఇబ్లీసేనని హసన్ బస్రీ, ఇబ్నె సీరీన్ వంటి పెద్దలు అన్నారు.

అసలు అతని పోలికైనా నిలిచేదేనా? హిజ్రీ 751లో మరణించిన ఇబ్నుల్ ఖయ్యిమ్ దీనికి జవాబిచ్చారు. నిప్పు స్వభావం తొందరపాటు, దహనం. మట్టి స్వభావం ఓర్పు, పోషణ. పెన్నా, కుందూ నదుల పరిసరాలలోని నల్లరేగడి నేలలను ఎరిగిన మనకు ఈ మాటను వివరించి చెప్పనక్కరలేదు. గుప్పెడు పత్తి గింజలను నిప్పులో వేస్తే బూడిద మిగులుతుంది. మట్టిలో వేస్తే చేను తెల్లబడుతుంది. పులివెందుల చీనీ తోటలైనా, ప్రొద్దుటూరు పత్తి వ్యాపారమైనా మట్టి పెట్టిన భిక్షే.

పత్తి మాట వచ్చింది కాబట్టి మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ ప్రాంతంలో తరతరాలుగా దూది ఏకి జీవించిన ముస్లిములు ఉన్నారు. వారిని దూదేకుల వారనీ, నూర్‌బాష్‌లనీ, పింజారులనీ పిలుస్తారు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్స్టన్ గ్రంథం కూడా వారిని నమోదు చేసింది. వారిలో అధికుల ఇంటి భాష తెలుగు. వారి చేతుల మీదుగా సాగిన దూదితోనే ఎన్నో ఇళ్ళలో పరుపులు, బొంతలు తయారయ్యాయి. ఆ వృత్తిని యంత్రాలు మింగివేశాయి. కాని పేరు మీద పడిన చిన్నచూపు మాత్రం చెరిగిపోలేదు.

మసీదులో భుజం భుజం కలిపి నిలబడతాం. ఒకే నేలపై నుదురు ఆనిస్తాం. బయటికి వచ్చి పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం సయ్యదా, షేకా, పఠానా, దూదేకులా అని అడుగుతాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు తెలుగు మాట్లాడేవాడిని సగం ముస్లింగా చూడడం మనలో లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలమా? వాడి పుట్టుక వేరు, నా పుట్టుక వేరు అన్న వాదం మొట్టమొదట ఎవరి నోట వెలువడిందో ఇప్పుడే విన్నాం. ఆ వాదాన్ని మన ఇంట్లో పెట్టుకుని, నమాజు ఆరంభంలో షైతాన్ నుంచి శరణు కోరడంలో అర్థమేముంది?

మానవులందరినీ ఒక పురుషుడు, ఒక స్త్రీ నుంచి సృష్టించాననీ, భయభక్తులు గలవారే తన వద్ద గౌరవనీయులనీ అల్లాహ్ అల్ హుజురాత్ సూరా 13వ వాక్యంలో తెలిపాడు. ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి అవమానించినందుకు అబూజర్ (రజి) అంతటి సహచరుణ్ని దైవప్రవక్త (స) మందలించారు. ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉన్నదని అన్నారు. సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను తక్కువగా చూడడం, ఇదే అహంకారమని ప్రవక్త (స) నిర్వచించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇబ్లీస్ ఈ రెండు పనులనూ ఒకేసారి చేశాడు.

ఈ సీమలో కక్షలు ఎన్ని కుటుంబాలను కూల్చాయో మనకు తెలుసు. నేను తగ్గడమా అన్న ఒక్క మాట వద్ద ఎన్నో రాజీలు ఆగిపోయాయి. తగ్గనన్నదే ఇబ్లీస్ మాట. ఆదమ్ (అలై) దంపతులు కూడా తప్పు చేశారు. కాని వారు తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకుని క్షమాపణ వేడుకున్నారు. ఇబ్లీస్ తన మార్గభ్రష్టత్వానికి అల్లాహ్‌నే బాధ్యుణ్ని చేశాడు. తప్పు జరిగింది ఇద్దరి వద్దా. ఒకరు ఒప్పుకున్నారు, మరొకడు నింద మోపాడు. కావున షైతాన్ చేయించాడని తప్పించుకోవడం కూడా షైతాన్ పద్ధతే. తనకు మనుషులపై ఎలాంటి బలవంతం లేదనీ, పిలిచానే తప్ప ఈడ్చుకురాలేదనీ, తనను కాక తమను తామే నిందించుకోవాలనీ తీర్పుదినాన అతడు ప్రకటిస్తాడని ఇబ్రాహీమ్ సూరా 22వ వాక్యం ముందే తెలిపింది.

జమ్మలమడుగు దగ్గరి గండికోటను చూసినవారు ఉంటారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దానిని జయించాడు. నాటి అధికారుల వంశావళిని ఈనాడు అక్కడ అడిగేవారు లేరు. జామియా మసీదు మాత్రం నిలిచి ఉంది. అక్కడి నేల నుదురు ఆనించినవాడి వంశాన్ని ఏనాడూ అడగలేదు.

ఈ జుమా నుంచి ఒక పని మొదలుపెడదాం. పుట్టుక పేరిట మనం తక్కువ చేసిన సోదరుడు ఎవరైనా ఉంటే, వచ్చే జుమాలోగా అతని గడప తొక్కి సలాం చెబుదాం. సంబంధాలు చూసేటప్పుడు ధర్మాన్ని, నడవడిని అడుగుదాం.

ఓ అల్లాహ్! మట్టితో పుట్టిన మాకు మట్టిలోని ఓర్పును ప్రసాదించు. నిప్పులోని గర్వం నుంచి మమ్మల్ని కాపాడు. తప్పును ఒప్పుకునే ఆదమ్ సంతతిగా మమ్మల్ని ఉంచు. ఆమీన్.