గాడియు, అంకెయు: ధ్వనిముద్రణ చరిత్రలో ఒక వివాదము

శిల్పము శిలయందు నిలుచును. కావ్యము తాళపత్రమునందు నిలుచును. గానమొక్కటియే పుట్టిన క్షణముననే గాలిలో కలిసిపోవును. ఈ కొఱతను తీర్చుటకు మానవుడు చేసిన ప్రయత్నమే ధ్వనిముద్రణ చరిత్ర. ఆ చరిత్రలో నలువది యేండ్లకు పైగా ఒక వివాదము సాగుచున్నది. ధ్వనిని గాడిగానో, అయస్కాంతపు జాడగానో దాచుట మేలా? లేక అంకెలుగా మార్చి దాచుట మేలా? మొదటిదానిని అనలాగ్ పద్ధతి యనియు, రెండవదానిని డిజిటల్ పద్ధతి యనియు వ్యవహరింతురు. ఉభయపక్షములవారును తమ చెవినే సాక్షిగా పిలిచిరి. ఆ సాక్షి యెంతవరకు నమ్మదగినదో, తీర్పు వెలువడులోపల మనము పోగొట్టుకొనుచున్న దేమియో విచారింపదగియున్నది.

1877వ సంవత్సరమున అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఒక స్తూపమునకు తగరపురేకు చుట్టి, దానిపై ముల్లు గీసిన జాడనుండి తన మాటను తానే తిరిగి వినెను. పదియేండ్లు గడచిన తరువాత ఎమిల్ బెర్లినర్ గ్రామఫోనును నిర్మించి, స్తూపమునకు బదులు బల్లపరుపు పళ్లెమును వాడుకకు తెచ్చెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును ముద్రించినది మొదలు భారతీయ సంగీతము రికార్డులపై దేశమంతట వ్యాపించెను. ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషములకు మించి చోటు లేనందున, గంటసేపు సాగదగిన రాగమును విద్వాంసులు కుదించి పాడవలసివచ్చెను. 1925లో మైక్రోఫోను వచ్చుటతో కొమ్ము ఎదుట నిలిచి గొంతెత్తి పాడు అవసరము తొలగెను. 1935లో జర్మనీదేశమున అయస్కాంతపు టేపు యంత్రము ప్రదర్శింపబడెను. 1948లో అమెరికాలో వెలువడిన దీర్ఘకాల రికార్డు ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాడగలిగెను.

ఈ సాధనములన్నిటికి లక్షణ మొక్కటియే. గాలిలో తరంగ మెట్లు హెచ్చుతగ్గులు పొందునో, గాడియందలి వంకరయు, టేపునందలి అయస్కాంతశక్తియు అట్లే హెచ్చుతగ్గులు పొందును. ఆకారమునకు ఆకారమే ప్రతిరూపము. కాని ముల్లు గీకుడును, టేపు బుసయు పాటతోపాటు వినవచ్చును. ప్రతినుండి ప్రతి తీసినకొలది ఆ మలినము పెరుగును. ఒక లేఖకుని ప్రతినుండి మఱియొక లేఖకుడు వ్రాసికొనిన తాళపత్రములలో తప్పులు పెరిగినట్లే యిదియు.

డిజిటల్ పద్ధతికి మూలము సంగీతము కాదు, టెలిఫోను. ప్యారిస్‌లో పనిచేయుచుండిన అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు 1937లో, దూరమునకు పంపిన మాటలో రొద చేరకుండుటకు ఒక ఉపాయము కనుగొనెను. తరంగమును పంపుటకు మారుగా దాని యెత్తును క్షణక్షణము కొలిచి, ఆ కొలతల అంకెలనే పంపవచ్చునని ఆయన భావము. అంకె మసకబారినను, చదువ వీలున్నంతవరకు అది అదే అంకె. తరంగమునందలి అత్యధిక పౌనఃపున్యమునకు రెండింతలకు మించి కొలతలు తీసినచో, వానినుండి మూలతరంగమును తిరిగి సంపూర్ణముగా నిర్మింపవచ్చునని 1949లో క్లాడ్ షానన్ నిరూపించెను.

1967లో జపాను ప్రసారసంస్థ యగు ఎన్.హెచ్.కె. ప్రయోగాత్మకముగా ఒక డిజిటల్ యంత్రమును నిర్మించెను. 1972నుండి నిప్పన్ కొలంబియా సంస్థ ఈ పద్ధతిని రికార్డుల తయారీయందు వాడెను. 1976లో థామస్ స్టాక్‌హామ్ అమెరికాయందలి శాంటా ఫే సంగీతనాటకమును తన యంత్రముతో ముద్రించెను. 1982వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన సోనీ, ఫిలిప్స్ సంస్థలు రూపొందించిన కాంపాక్ట్ డిస్కు జపాను విపణిలోనికి వచ్చెను. మనుష్యుని చెవికి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినబడును గనుక, దీనియందు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయింపబడినవి. ప్రతి కొలతకు 65,536 మెట్లు. ఖచ్చితముగా 44,100 అను సంఖ్యయే యేల యనగా, ఆ దినములలో అంకెలను వీడియో టేపుపై దాచుచుండుటచేత, ఆ టేపు లెక్కకు అది సరిపోయినది.

అనలాగ్ పక్షమువారు రెండు ఆక్షేపణలు చేసిరి. కొలతకు కొలతకు నడుమనున్న సంగీతము పోయి, తరంగము మెట్లమెట్లుగా మారునని మొదటి ఆక్షేపణ. ఈ మెట్లు పుస్తకములలోని చిత్రములందే కలవు. యంత్రమునుండి వెలువడు తరంగము నున్ననిదే. ధ్వని కరుకుగా, జీవము లేక యున్నదని రెండవ ఆక్షేపణ. దీనియందు నిజము లేకపోలేదు. తొలినాటి యంత్రములలోని వడపోత సాధనములు నేటివంటివి కావు. అతిసూక్ష్మమైన రొదను బుద్ధిపూర్వకముగా కలిపినచో కొలతలోని తప్పులు చెవికి తగులవను సూత్రమును అందఱును పాటింపలేదు. గ్రామఫోను గాడికి తగినట్లు సవరించిన టేపులనే కొందఱు తయారీదారులు మార్పు లేకుండ డిస్కునకు ఎక్కించిరి. 1990 ప్రాంతమునుండి తమ పాటయే బిగ్గరగా వినబడవలెనను పోటీలో మంద్రమునకును ఉచ్చమునకును గల భేదమునే అణచివేసిరి. విన్నవాడు చేసిన ఫిర్యాదు సత్యమే; ముద్దాయి మాత్రము వేఱు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇచ్చట చక్కగా వర్తించును.

అనలాగ్ నాదమునందలి వెచ్చదనము గూడ కేవలము భ్రమ కాదు. ధ్వని మితిమీరినప్పుడు టేపు దానిని తెగనఱుకక మెత్తగా అణచును. ఆ మార్పు వినుట కింపుగా నుండును. కాని ఇంపు వేఱు, యథాతథము వేఱు.

ఇక చెవి సాక్ష్యము. 1915 మొదలు కొన్నియేండ్లు ఎడిసన్ సంస్థవారు అమెరికా నగరములలో విచిత్రమైన ప్రదర్శనలు జరిపిరి. గాయని వేదికపై నిలిచి యంత్రముతోపాటు పాడుచు, నడుమ ఆపివేయును, యంత్రము పాడుచునేయుండును. పాడుచున్నది ఎవరో తెలియలేదని ప్రేక్షకులు ఆశ్చర్యపోయిరి. ఆ రికార్డులను నేడు విన్నచో భేదము తెలియని వారుండరు. గాయని తన కంఠమును యంత్రధ్వనికి అనువుగా మలచుకొని పాడిన సంగతి తరువాత వెల్లడియైనది. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, మిక్కిలి సూక్ష్మమైన ముద్రణమును, దానినే కాంపాక్ట్ డిస్కు కొలతలకు కుదించిన ధ్వనిని పక్కపక్కన వినిపించిరి. 554 పరీక్షలలో 276 మాత్రమే సరియైన సమాధానములు. నాణెము ఎగురవైచినను ఇంతే వచ్చును. పాత మూలటేపులనుండి నేరుగా గాడికి మార్చబడినవని రసికులు నమ్మిన ఖరీదైన రికార్డులు కొన్నింటి తయారీలో డిజిటల్ అంచె యొకటి యున్నదని 2022లో బయటపడెను. వానిని అనలాగ్ పద్ధతికి ఆదర్శములుగా కొనియాడిన వారిలో పెక్కురు ఆ అంకెలను ఆనవాలు పట్టలేకపోయిరి. దాచి అమ్మినందుకు వారు కోపించుట న్యాయమే. కాని చెవి యిచ్చిన సాక్ష్యము వీగిపోయెను. ఆ సంవత్సరముననే అమెరికాలో గాడి రికార్డుల అమ్మకము సంఖ్యయందు డిస్కుల అమ్మకమును మించెను. 1987 తరువాత అట్లు జరుగుట అదియే మొదటిసారి. మనుష్యుడు పాటను వినుటయే గాక, చేత పట్టుకొనదగిన వస్తువుగా గూడ కోరునని దీనివలన తెలియుచున్నది.

చెవి తీర్పు చెప్పలేని చోట కాలము తీర్పు చెప్పుచున్నది. టేపుపై అయస్కాంతపు పొడిని అంటించియుంచు బంక కొన్ని రకములలో తేమను పీల్చి జిగురెక్కును. అట్టి టేపును స్వల్పమైన వేడిలో ఆరబెట్టినగాని యంత్రముపై త్రిప్పరాదు. త్రిప్పు యంత్రములును, వాని విడిభాగములును, బాగుచేయు నిపుణులును అరుదైపోవుచున్నారు. 2025 నాటికి అంకెలుగా మార్చని టేపులు చాలవఱకు నష్టమైనట్లేయని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర ధ్వని భాండాగారమువారు 2015లో హెచ్చరించిరి. అట్లని అంకెలకు అమరత్వము లేదు. 1987లో వచ్చిన డిజిటల్ టేపు పద్ధతికి సోనీ సంస్థ యంత్రముల తయారీని 2005లోనే నిలిపివేసెను. గీతపడిన రికార్డు గరగరలాడుచునైనను పాడును. చెడిన అంకెల మూట ఒక్కమాఱుగా మూగవోవును. దానికి రక్షణ ఒక్కటియే: నష్టము లేకుండ ప్రతులు తీయుచు, కాలానుగుణముగా కొత్త ఆశ్రయమునకు మార్చుచుండుట.

గాడియు అంకెయు శత్రువులు కావని చూపు వృత్తాంత మొకటి కలదు. ఎడిసన్‌కు పదునేడేండ్లు ముందు, 1860లో, ప్యారిస్‌లో స్కాట్ ద మార్తిన్‌విల్ అను నతడు మసిపూసిన కాగితముపై ధ్వనితరంగమును గీయించెను. అది చూచుటకే గాని వినుటకు కాదు. 2008లో అమెరికా పరిశోధకులు ఆ గీతను చిత్రముగా గ్రహించి, అంకెలుగా మార్చి, ఒక ఫ్రెంచి జానపదగీతపు ముక్కను వినిపించిరి. మొదట అది బాలిక కంఠమని భావించిరి. వేగము రెండింతలైనదని గ్రహించి సరిచేసిన పిమ్మట పురుషకంఠముగా, బహుశః ఆ నిర్మాత కంఠముగానే తేలినది. అంకె లేనిచో ఆ గీత నేటికిని మూగగీతయే. అసలు కాగితము భద్రముగా లేనిచో అంకెలకు చదువదగిన దేమియు లేదు.

తెలుగువారికిని ఈ విషయము దూరమైనది కాదు. 1964లో కీర్తిశేషులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీన నాదము నేటి తరమునకు రికార్డులవలనను, టేపులవలనను మాత్రమే లభ్యము. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఇంటింట వినిపించిన గానమునకు ఆధారము గూడ టేపులే. ఆకాశవాణివారు తమ భాండాగారమునందలి టేపులను అంకెలుగా మార్చుకొనుచున్నారు. కాని ఉద్యోగరీత్యా దేశమంతట చెదరిన తెలుగు కుటుంబముల పెట్టెలలో పెండ్లిపాటలు, హరికథలు, నాటకపద్యములు, పెద్దల మాటలు గల క్యాసెట్లు ఇంకను పడియున్నవి. వానికి భాండాగారము లేదు. కాపాడువారు ఆ యింటివారే. ఏది మేలను వాదము ముగియువఱకు అవి వేచియుండవు. వానిని త్వరగా అంకెలుగా మార్పించి, రెండు మూడు చోట్ల ప్రతులుంచి, పాడినవారి పేరును, తేదీని, ఊరిని పెట్టెపై వ్రాసి, అసలు టేపును పాఱవేయక దాచుట కర్తవ్యము.