గంజిదానము, బొంతదానము

రాయలసీమ చరిత్రలో దానమన్న వెంటనే మనకు స్ఫురించునది గంజికుండ. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టినారు. విక్టోరియా రాణి పంపిన బంగారు పతకము కన్న ఆ అన్నపు మాటయే జనుల పాటలలో ఎక్కువగా నిలిచినది. 1876-78 సంవత్సరముల ధాత కరవులో లండను నగరము నుండి కూడ చందాలు వచ్చినవి. 1952లో సీమలో గంజి కేంద్రములు వెలసినవి. కరవు మెల్లగా వచ్చును. గింజను తినును, గొడ్డును తినును, ఇత్తడి చెంబును అంగడికి పంపును. బొంత మాత్రము చాలవరకు ఇంటిలోనే మిగులును. దానిని కొనువాడు ఉండడు గదా!

వరద తీరు వేరు. అది మొదట పడకను తీసికొనిపోవును. ఎండసీమ వారమైన మనకు ఈ సంగతి ఆలస్యముగా తెలిసివచ్చినది.

తాళ్లపాక అన్నమాచార్యుల పేరుతో రాజంపేటకు సమీపమున చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు ఉండినది. 2021 నవంబరు 19, కార్తీక పూర్ణిమ. ఎగువన పించా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు కూడ వచ్చి చేరగా, ఉదయము వేళ అన్నమయ్య మట్టికట్ట కొట్టుకొనిపోయినది. గేట్ల ద్వారా వదలగలిగినది రెండు లక్షల క్యూసెక్కులకు కొంచెము పైన; వచ్చినది మూడు లక్షలకు మించి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మొదలైన ఊళ్లపై ఏరు పొర్లినది. శివాలయమునకు కార్తీక పూజకై పోయినవారిలో కొందరు తిరిగి రాలేదు. నందలూరు, రాజంపేటల నడుమ రైలుకట్ట కోసుకొనిపోయినది. తప్పు ఎవరిదన్న వాదములు ఆనాడే మొదలైనవి. వాటికి ఈ ప్రసంగములో చోటు లేదు. నీరు తీసిన తరువాత నిలిచిన ఇండ్లలో మిగిలినది ఇసుక, బురద.

అందులో పూడిపోయిన వస్తువులలో బొంత ఒకటి. ఏ నష్టపు పట్టికలోను దానికి ధర కట్టినవారు లేరు. నాలుగైదు పాత నూలుచీరలు, పంచెలు ఒకదానిపై ఒకటి పరచి, చినిగినవి లోపలికి, గట్టివి పైకి వచ్చునట్లు సర్ది, అంచులు మడచి, పెద్ద సూదికి లావు దారమెక్కించి, అంచు వెంబడి మొదలుపెట్టి వరుస తరువాత వరుసగా కుట్టుకొనివత్తురు. కుట్టు దగ్గరైనకొలది బొంత ఆయుష్షు పెరుగును. పొరల నడుమ చిక్కుకొన్న గాలియే దాని వెచ్చదనము. సంస్కృతములో దీనిని కంథ అన్నారు. వంగదేశపు కాంథా, బీహారు సుజనీ దీని తోబుట్టువులు. దీనికి గల పెద్ద శత్రువు తడి. నీరు పీల్చిన బొంతను ఎత్తుట ఒక మనిషికి కష్టము. ముసురు పట్టిన దినములలో అది ఎన్ని దినములకును ఆరదు. బురదలో నానినది ఆరినను వాసన వదలదు. అన్నిటికన్న మించిన కష్టము మరొకటి ఉన్నది. కొత్తది కుట్టుకొందమన్నను పెట్టెలోని పాత చీరలు కూడ ఏటిపాలైనవి. అది ఒక ఇల్లాలు ఏండ్ల తరబడి దాచుకొన్న గుడ్డల నిలువ.

ప్రభుత్వమును, అనేక సంఘములును బియ్యము, సరకులు, దుప్పట్లు పంచినారు. కాదనలేని మేలు. అయితే గుడ్డ దానము గంజి దానమంత సులభము కాదు. 1977లో, అదే నవంబరు 19వ తేదీన, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రామారావు, నాగేశ్వరరావు ప్రభృతి నటులు విరాళములకై వీధులలో తిరిగినారు. రూపాయి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినను రూపాయియే. పాత బట్ట అట్లు కాదు. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరమునకు లారీలతో చేరిన పాత బట్టలు దారిప్రక్కన గుట్టలుగా పడి తడిసినవి. చినిగినవి, మాసినవి, అక్కడి ఆడువారు కట్టని తీరువి అందులో ఎన్నో! సర్వస్వము పోగొట్టుకొన్నవారైనను ఇతరులు విడిచినదానిని ఏరుకొనుటకు సిగ్గుపడినారు. అది న్యాయమైన సిగ్గు. గూంజ్ అను సంస్థ ఆ గుట్టలను వేరుపరచు పనికి పూనుకొన్నది. ఆ సంస్థవారే కట్టుకొనుటకు పనికిరాని బట్టలతో సుజనీలు కుట్టించుచున్నారు. విడిగా పంపిన పాతచీర పుచ్చుకొనువానికి భారము. అదే చీర మరి మూడింటితో కలసి కుట్టువడినచో పడక. నడుమ చేరినది ఒకరి పనిగంటలు మాత్రమే.

ఈ పని పెద్దయెత్తున సాగిన సందర్భము రెండవ ప్రపంచయుద్ధకాలమున కలదు. బాంబులకు ఇండ్లు కోల్పోయిన బ్రిటను కుటుంబముల కొరకు కెనడా స్త్రీలు ఊరూర కూడి బొంతలు కుట్టి, కెనడియన్ రెడ్‌క్రాస్ ద్వారా లక్షల సంఖ్యలో పంపినారు. ఆ సంస్థ కానుక అని తెలుపు చిన్న గుడ్డచీటి వాటికి కుట్టబడినది. వాటిలో కొన్నిటిని నేటికిని భద్రపరచినవారు ఉన్నారు.

మన వైపు కుట్టు తెలిసిన చేతులకు కొదువ లేదు. కొదువ అడుగు తీరులో ఉన్నది. పాత బట్టలు పంపుడని ప్రకటించిన పాత బట్టలే వచ్చును. ఆ వాక్యము రేడియోలో చదువు మావంటివారికి కూడ ఇందులో పాలు ఉన్నది. ఉతికి, ఎండలో ఆరవేసి, ఒక మనిషి నిండుగా కప్పుకొన చాలిన నూలుబొంత ఒకటి అని స్పష్టముగా అడుగవలెను. బిడ్డలకు చిన్నవి వేరుగా అడుగవలెను. ఏరు పొంగిన తరువాత కుట్ట మొదలుపెట్టినచో అందదు గనుక, వేసవిలోనే కుట్టించి, చెదలు చేరని మిట్ట ఇంటిలో, మాళిగెపై, వేపాకు వేసి మూటలు కట్టించి ఉంచవలెను. ఏడాదికొకసారి విప్పి ఎండ చూపించవలెను.

పంపకపు పట్టికలో సాధారణముగా పేరు ఎక్కనివారు మరికొందరు కలరు. పడవలపై తిరుగు విపత్తు దళములవారు, అగ్నిమాపక సిబ్బంది, కరెంటు తీగలు లాగువారు, తెగిన రైలుకట్టకు మట్టి పోయువారు తడిబట్టలతోనే రాత్రులు గడపుదురు. కావున మూటలు ఊరిలోనికి పోకముందే నాలుగైదు బొంతలు తీసి, టార్పాలిను చుట్టి, పడవలు ఆగు చోటను, రైలుకట్ట వద్ది గుడారమునను విడిచిరావలెను.