కూతుళ్ల మీదుగా సాగిన వంశావళి: ఆన్ క్లిఫర్డ్ జీవితం

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, స్కాట్లండ్ సరిహద్దుకు దిగువన వెస్ట్‌మోర్లాండ్ అనే సీమ ఉండేది. ఇప్పుడది కంబ్రియాలో భాగం. కొండలు, వాగులు, గొర్రెల మేతబీళ్లు, విసిరేసినట్టు దూరదూరంగా ఉండే పల్లెలు దాని స్వరూపం. లండన్ కొలువులో పెరిగిన ఆన్ క్లిఫర్డ్ 1649లో ఈ సీమకు చేరి, మళ్లీ రాజధాని ముఖం చూడకుండా 1676లో ఇక్కడే కన్నుమూసింది. పాడుబడిన కోటలను నిలబెట్టడం ఆమె చేసిన పనుల్లో ఒకటి. అంతకంటే పెద్ద పని, దాదాపు ఐదు శతాబ్దాల తన వంశ చరిత్రను దస్తావేజుల ఆధారంతో గ్రంథస్థం చేయించడం. కులీన కుటుంబాలు వంశవృక్షాలు గీయించుకోవడం ఆ కాలంలో మామూలే. ఆన్ రాయించిన వంశావళిలో మాత్రం కూతుళ్లు పక్కకొమ్మలుగా మిగిలిపోలేదు. భూమి ఒక తరం నుంచి మరో తరానికి వాళ్ల మీదుగానే ఎలా దాటివచ్చిందో ఆమె ఆధారాలతో చూపించింది.

1590 జనవరి 30న యార్క్‌షైర్‌లోని స్కిప్టన్ కోటలో ఆన్ పుట్టింది. తండ్రి జార్జ్ క్లిఫర్డ్ కంబర్లాండ్ మూడో ఎర్ల్. స్పెయిన్ ఓడలను కొల్లగొట్టే నౌకాయాత్రలకు సొమ్మంతా పోసి ఆస్తిని అప్పులపాలు చేశాడు. తల్లి మార్గరెట్ రస్సెల్ చదువుకున్న మనిషి, మందులు తయారుచేయడంలో నేర్పరి. కూతురికి కవి శామ్యూల్ డేనియల్‌ను గురువుగా పెట్టింది. ఆన్‌కు ఇద్దరు అన్నలు, ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు.

1605 అక్టోబరులో జార్జ్ చనిపోయేనాటికి ఆన్‌కు పదిహేనేళ్లు. ఆయన వీలునామా ప్రకారం ఎస్టేట్లన్నీ తమ్ముడు ఫ్రాన్సిస్‌కూ, అతని మగసంతతికీ వెళ్లాయి. ఆ సంతతి ఆగిపోతేనే ఆన్‌కు వస్తాయి. అప్పటికి కూతురికి దక్కింది 15,000 పౌండ్లు. భూమి స్థానంలో నగదు ఇచ్చి సరిపెట్టడాన్ని మార్గరెట్ ఒప్పుకోలేదు. తన మనుషులను పెట్టి లండన్ టవర్‌లోని రాజ్య రికార్డులనూ, ఇతర పత్రాల నిల్వలనూ వెదికించింది. రెండో ఎడ్వర్డ్ రాజు కాలంలో రాసిన ఏర్పాటు ప్రకారం ఆ భూములు సొంత సంతానానికే చెందాలి, ఆడా మగా భేదం లేదు. కూతురు బతికుండగా తమ్ముడికి రాసిచ్చే హక్కు జార్జ్‌కు లేదన్నది తల్లీకూతుళ్ల వాదం.

ఆ వెదుకులాటలోనే వంశ చరిత్ర మొదటి పుటలు తేటపడ్డాయి. 1203లో జాన్ రాజు వెస్ట్‌మోర్లాండ్‌ను రాబర్ట్ డి వియోపాంట్‌కు ఇచ్చాడు. ఆ వంశంలో చివరి మగవాడు 1264లో చనిపోయాక ఇసబెల్లా, ఇడోనియా అనే ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. ఇసబెల్లాను పెళ్లాడి క్లిఫర్డ్‌లు ఆ సీమకు అల్లుళ్లుగా వచ్చారు. పిల్లలు లేని ఇడోనియా వాటా కూడా ఆమె తర్వాత అక్క వంశానికే చేరింది. అంటే జార్జ్ తన తమ్ముడికి దాటించిన వెస్ట్‌మోర్లాండ్ భూమి అసలు ఆ ఇంటికి వచ్చిందే ఒక కూతురి ద్వారా. ఆన్ ఈ సంగతిని జీవితాంతం వదల్లేదు.

1609లో ఆమెకు రిచర్డ్ శాక్‌విల్‌తో పెళ్లయింది. ఆ వెంటనే అతడు డోర్సెట్ ఎర్ల్ అయ్యాడు. ఖర్చుమనిషి కావడంతో, హక్కు వదులుకుంటే చేతికొచ్చే నగదు మీద అతని చూపు. సంతకం పెట్టమని ఒత్తిడి పెరిగింది. 1616లో రెండేళ్లయినా నిండని కూతురు మార్గరెట్‌ను తల్లి దగ్గర నుంచి తీసుకెళ్లిపోయారు. ఆ ఏప్రిల్ 2న బ్రూమ్ కోట దగ్గర దారిలో ఆన్ తన తల్లిని చివరిసారి చూసింది, మరుసటి నెలలోనే ఆ తల్లి కన్నుమూసింది. 1617 జనవరిలో జేమ్స్ రాజు స్వయంగా పిలిపించి, తీర్పు తన చేతిలో పెట్టమన్నాడు. వెస్ట్‌మోర్లాండ్‌ను ఏ షరతు మీదా వదులుకోనని ఆన్ ఆయన ముఖం మీదే చెప్పింది. మార్చిలో వచ్చిన తీర్పు భూమిని బాబాయికి ఖాయం చేసింది, సొమ్ము ఆమె భర్తకు చేరింది. ఫ్రాన్సిస్ మగసంతతి ఆగిపోతే ఆస్తి ఆన్‌కు తిరిగి రావాలన్న షరతు మాత్రం మిగిలింది.

ఆమె ఇరవై ఆరేళ్లు ఎదురుచూసింది. 1624లో డోర్సెట్ పోయాడు. 1630లో చేసుకున్న రెండో భర్త పెంబ్రోక్ ఎర్ల్‌తోనూ పొత్తు కుదరలేదు. 1643లో ఫ్రాన్సిస్ కొడుకు హెన్రీ కొడుకులు లేకుండా చనిపోవడంతో యాభై మూడేళ్ల వయసులో ఆస్తి ఆమెదైంది. అప్పటికి దేశం అంతర్యుద్ధంలో ఉంది, ఉత్తరానికి వెళ్లే వీలు లేదు. ఆ నిరీక్షణలో 1646 ప్రాంతంలో మూడు పలకల పెద్ద చిత్రమొకటి వేయించింది. ఎడమ పలకలో పదిహేనేళ్ల ఆన్, కుడి పలకలో వయసు మీరిన ఆన్, ఇద్దరి వెనకా పుస్తకాలు. నడిమి పలకలో తల్లిదండ్రులు, అన్నలు, గోడ మీద మేనత్తలవీ పిన్నిపెద్దమ్మలవీ నాలుగు చిత్తరువులు. ఆ దృశ్యం 1589 నాటిది, ఆన్ ఇంకా తల్లి కడుపులో ఉంది. బొమ్మల పక్కన ప్రతి ఒక్కరి జీవితాన్నీ అక్షరాల్లో రాయించింది. చూసేవారికి అదొక చిత్రం, చదివేవారికి వంశపత్రం. ఇప్పుడది కెండల్‌లోని అబట్ హాల్‌లో ఉంది.

సీమకు చేరాక తల్లి పోగుచేసిన పత్రాలకు గ్రంథరూపం వచ్చింది. ప్రాచీన పత్రాల పండితుడు రోజర్ డాడ్స్‌వర్త్ వంటివారు పత్రాల సేకరణలో తోడ్పడ్డారు. రాయసగాళ్లు రాశారు, ఆమె చదివించుకుని, దిద్ది, అంచుల్లో తన చేతి రాత చేర్చింది. మూడేసి సంపుటాలుగా ఒకటికి మించి ప్రతులు తయారయ్యాయి. ఒక్కొక్క తరానికీ రాజశాసనాలు, దానపత్రాలు, విచారణ పత్రాలు వరుసగా ఉంటాయి. వాటి చివర ఆ తరం మనుషుల జీవిత సంగ్రహం వస్తుంది. భర్త పేరుతో పాటు భార్య పుట్టినింటి వివరమూ, ఆమె ద్వారా వచ్చిన భూమీ నమోదయ్యాయి. క్రీస్తుశకం పన్నెండో శతాబ్దంలో మొదలైన వరుస ఆన్ సొంత జీవిత కథ దాకా సాగుతుంది. 1650 నుంచి ఏటేటా జరిగినది కూడా అందులో చేరుతూ వచ్చింది.

కాగితం మీద రాసినదాన్నే ఆమె రాతి మీదా రాయించింది. స్కిప్టన్, ఆపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ కోటలనూ, ఆ చుట్టుపట్ల చర్చిలనూ బాగుచేయించి తన పేరు, ఏ వంశపు వారసురాలో తెలిపే ఫలకాలు పెట్టించింది. ఆపిల్‌బీలో పేద స్త్రీలు పదముగ్గురికి ఆశ్రయమిచ్చే సెయింట్ ఆన్స్ హాస్పిటల్ కట్టించింది. తల్లిని చివరిసారి చూసిన చోట 1656లో స్తంభం నిలిపి, ఏటా ఏప్రిల్ 2న బ్రూమ్ పేదలకు నాలుగు పౌండ్లు పంచే ఏర్పాటు చేసింది.

ఆమెను ఆదర్శమూర్తిగా మాత్రమే చూపితే చరిత్రకు న్యాయం జరగదు. పాత పత్రాల్లోని హక్కులను తండ్రి మీదా బాబాయి మీదా ఎంత గట్టిగా నిలబెట్టుకుందో, శిస్తుల విషయంలో రైతుల మీదా అంతే గట్టిగా నిలబెట్టుకుంది. 1650లలో కౌలుదార్లతో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. స్త్రీలందరికీ భూమి కావాలని ఆమె ఎక్కడా కోరలేదు. కోరినది రక్తసంబంధం ద్వారా తనకు వచ్చే హక్కును. వంశగర్వం, న్యాయబుద్ధి ఆమెలో విడదీయలేనంతగా కలిసి ఉన్నాయి.

చివరి నెలల దినచర్య ఈ మనస్సును దగ్గరగా చూపిస్తుంది. 1676లో ఆమె రోజువారీ ఖర్చులు, ఇంటికి వచ్చినవారి పేర్లు రాయిస్తూ, అరవయ్యేళ్ల కిందట, అంటే 1616లో, అదే తేదీన ఏం జరిగిందో కూడా జ్ఞాపకం చేసుకునేది. మార్చి 22న బ్రూమ్ కోటలో, తండ్రి పుట్టిన గదిలోనే, ఎనభై ఆరేళ్ల వయసులో చనిపోయింది. ఆపిల్‌బీ చర్చిలోని సమాధిని బతికుండగానే కట్టించుకుంది. దాని మీద పడుకున్న శిల్పరూపం లేదు. గోడ మీద వంశచిహ్నాలతో 24 డాళ్లు వియోపాంట్‌ల నుంచి తన దాకా పెళ్లిళ్లనూ సంతానాన్నీ వరుసగా చూపిస్తాయి.

ఆస్తి ఆన్‌కు దక్కినది కోర్టు తీర్పుతో కాదు, దాయాది వంశంలో కొడుకులు లేకపోవడం వల్ల. ఆ లెక్కన తల్లి వెదికించిన పత్రాలు ఓడిపోయాయనే చెప్పాలి. కానీ ఆ పత్రాలే లేకపోతే పదిహేనేళ్ల పిల్ల తన వాదాన్ని దేనిమీద నిలబెట్టేది? రాజు ఎదుట కాదనగలిగిన ధైర్యానికి వెనక నాలుగు వందల ఏళ్ల రుజువు ఉంది. ఇసబెల్లా భూమిని ఏలిందని తెలిసిన మనిషికి, ఆడపిల్ల ఏలలేదన్న మాట వాడుకగానే కనిపించింది, చట్టంగా కనిపించలేదు. జెస్సికా మాలే పరిష్కరించిన ఆ గ్రంథాలు 2015లో అచ్చయ్యాక మధ్యయుగపు ఉత్తర ఇంగ్లండ్‌లో స్త్రీలకూ భూమికీ ఉన్న సంబంధాన్ని చదవదలిచినవారికి అవి ముఖ్యమైన ఆధారమయ్యాయి. ఏ ఇంటి చరిత్ర రాసేవారైనా ఆన్ పద్ధతి నుంచి నేర్చుకోవలసినది ఒకటుంది: ఎవరి కొడుకు ఎవరో రాసి ఆగిపోకుండా, ఆ ఇంటి నేల ఏ తల్లి ద్వారా వచ్చిందో కూడా దస్తావేజు చూసి రాయాలి.